తిరుపతి వెళ్ళని గుండు

నాకు పదహారో ఏట గుండు అయింది. తిరుపతి వెళ్ళలేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి నోరు రాక మా ఇంట్లోవాళ్ళు ఊరంతటికీ మూడేళ్ళపాటు లడ్డూలు పంచారు.

మాది పెంటపాడు దాటాక కాలవ పక్కనున్న చిన్న ఊరు. వరిచేలు, వాటి మధ్య రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ ఎదురుబొదురుగా ఇళ్ళు. ఎవరింట్లో ఏం కూరో ఎదురింటివాళ్ళు వాసన చూసి చెప్పేస్తారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగుతున్న రోజులు. మా ఊరికి వాటి అవసరం పెద్దగా ఉండేది కాదు, కబురు అంతకంటే వేగంగానే తిరిగేది. నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ రోజూ బస్సులో వెళ్ళొస్తుండేదాన్ని. అప్పుడు మెడకి ఎడమపక్క ఉసిరికాయంత గడ్డ లేచింది.

నొప్పి లేదు. నొప్పి లేని గడ్డకి మా వైపు మర్యాద తక్కువ. ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ డాక్టరుగారు వేలితో ఒక్కసారి నొక్కి చూసి, "టీబీ గడ్డ అయ్యుంటదండి" అని మాత్రలు మొదలుపెట్టారు. మూడు నెలలు మింగాను. ఉసిరికాయ కాస్తా నిమ్మకాయ అయ్యాక, "ఎందుకైనా మంచిది, విజయవాడలో చూపించండి" అన్నారాయన. ఆ 'ఎందుకైనా' అన్నది ఎందుకో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మర్యాదస్థులం కదా.

విజయవాడ ఆసుపత్రిలో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇది లింఫ్ గ్రంథుల కాన్సరు అనీ, నయమయ్యే రకమనీ, ఈ వయసులో మందు బాగా పనిచేస్తుందనీ నిదానంగా చెప్పారు. మొదటి మాట దగ్గరే మా నాన్న చెవులు మూసుకుపోయాయి. మిగతాదంతా నేను విన్నాను. ఆరు నెలలపాటు పదిహేను రోజులకోసారి ఇంజక్షను. జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. వాంతులవుతాయి, తగ్గుతాయి. నాకు అర్థమైంది ఇంతే, ఇంతకంటే అర్థం చేసుకోవాల్సిందీ లేదు.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. జబ్బు గురించి కాదు, జుట్టు గురించి.

"జబ్బుకి మందుందిరా, డాక్టరిస్తాడు," అంది మా నాయనమ్మ మా నాన్నతో. "ఊరి నోటికి మందెవడిస్తాడు? ఆ జబ్బు పేరు ఒకసారి ఇంటికి అంటుకుంటే మూడు తరాలు పోదు. తిరపతి మొక్కు అందాం. గడ్డ లేచింది, తలనీలాలిస్తానని పిల్ల మొక్కుకుంది. అంతే."

"మరి విజయవాడ తిప్పుతున్నాం కదమ్మా?" అన్నాడు నాన్న.

"రక్తం తక్కువైంది, ఎక్కిస్తున్నారు."

ఎనభై ఏళ్ళ మనిషి, అక్షరమ్ముక్క రాదు, అరనిమిషంలో అంత కథ అల్లింది. చదువుకుని ఉంటే ఏ పార్టీ ఆఫీసులోనో ఉండవలసిన మనిషి.

రెండో ఇంజక్షను అయ్యాక జుట్టు గుప్పెళ్ళతో వచ్చేసింది. క్షవరానికి మనిషిని పిలిస్తే ఊరికి తెలిసిపోతుందని, మా నాన్నే తన గడ్డం గీసుకునే బ్లేడుతో పెరట్లో కూర్చోబెట్టి మిగిలింది గీశాడు. రెండుచోట్ల తెగింది. నాయనమ్మ ఊడిన జుట్టంతా ఏరి క్యారీబ్యాగ్‌లో కట్టి అటక మీద పెట్టింది. ఎవరైనా నిజంగా తిరుపతి వెళ్తుంటే ఇచ్చి పంపుతుందట, అబద్ధం సగమైనా నిజమవుతుందని. "ఊడిన జుట్టు స్వామి తీసుకోడేమో అత్తయ్యా," అంది అమ్మ. "ఇచ్చిన జుట్టో ఊడిన జుట్టో ఆయనకేం తెలుస్తుందే, రోజూ అంత వస్తుంటే," అంది నాయనమ్మ. అంత నమ్మకమూ ఉంది, ఇంత మోసమూ ఉంది. ఆ రెంటికీ ఎప్పుడూ గొడవ వచ్చినట్టు నేను చూడలేదు.

తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు ప్రసాదం పంచాలి. అది మాకు ముందు తట్టలేదు. నా గుండు చూసిన మొదటి మనిషి, మా ఎదురింటి అత్తయ్య, రెండు చేతులూ చాపి "ప్రసాదమేది వదినగారూ?" అని అమ్మని అడిగాకే తట్టింది. అమ్మ నీళ్ళు నమిలి, "సాయంత్రం పంపుతానండి," అంది. నాన్న సైకిలు తొక్కుకుంటూ తాడేపల్లిగూడెం వెళ్ళి స్వీటుషాపులో లడ్డూలు పట్టుకొచ్చాడు. నాయనమ్మ ఒకటి వాసన చూసి పెదవి విరిచింది. పచ్చకర్పూరం పొడిచేసి, చేతికి కాస్త నెయ్యి రాసుకుని, ఒక్కో లడ్డూనీ అరచేతుల్లో తిప్పింది. తర్వాత పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి, "తప్పు కాసుకో నాయనా," అని దేవుడి గూట్లో పెట్టింది.

ఎదురింటి అత్తయ్య లడ్డూ ముక్కని కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని, నోట్లో వేసుకుని, "స్వామివారి ప్రసాదం వాసనే వేరండీ," అంది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు. ఆ పిల్ల కూడా అమ్మని చూసి కళ్ళకద్దుకుంది. నేను తలకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

రక్తం తక్కువన్న కబురు కొల్లేరు దాకా వెళ్ళింది. ఆకివీడు దాటాక ఎక్కడో చేపల చెరువులు చేసుకునే మా మేనమామ, నీళ్ళ క్యానులో బతికున్న కొరమీనులు వేసుకుని మోటారుసైకిలు మీద దిగబడ్డాడు. కొరమీను తింటే రక్తం పడుతుంది. ఆయన ఇలా వెళ్ళాడో లేదో పక్కవీధి పెద్దావిడ వచ్చి, ఆ కొల్లేరు చేపలు తినబట్టే పిల్లకి గడ్డ లేచిందని అమ్మకి చెప్పి వెళ్ళింది. బొప్పాయి ఆకు రసమన్నారు ఒకరు. గోధుమగడ్డి అన్నారొకరు. ఒకాయన తన ఎరికలో మెడ మీద గడ్డలొచ్చి పోయినవాళ్ళ పేర్లన్నీ నా ముందు కూర్చునే వరసగా చెప్పి, చివర్లో "నీకేం భయం లేదమ్మా, దేవుడున్నాడు," అన్నాడు. ఆ పోయినవాళ్ళకి మాత్రం దేవుడు లేడు కాబోలు. అందరి నోటా ఒకటే మాట, పాపం. 'పాపం, ఎంత చిక్కిపోయింది.' 'పాపం, ఎంత భక్తో.' వచ్చినవాళ్ళు ఎన్ని పాపాలంటారో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. నా కాలక్షేపం అదీ.

ఏలూరు అమ్మాయి నాకు ఆసుపత్రిలో దొరికింది.

మూడో ఇంజక్షను రోజున నా పక్క కుర్చీలో కూర్చుంది, నా ఈడుదే, తల చుట్టూ బిగించి కట్టిన చున్నీ. చేతికెక్కుతున్న సీసాలో మందు ఎర్రగా, రూహ్ అఫ్జా షర్బత్ రంగులో ఉంది. నా సీసా వంక చూసి, "నీకూ ఎర్రదేనా?" అని అడిగింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. అవునన్నాను.

"మొదటిసారి ఇంటికెళ్ళాక బాత్రూంలో ఎర్రగా వస్తే నెత్తురే అనుకుని కెవ్వున అరిచాను," అంది. "మా అమ్మ పరిగెత్తుకొచ్చి, కంగారులో బకెట్టు తన్నేసి, కాలు బెణికించుకుంది. ఆరోజు ఇంట్లో పేషంటు తనే."

జబ్బు వచ్చాక నేను మొదటిసారి నవ్వింది ఆరోజే. సెలైను గొట్టం ఊగుతోందని నర్సు కేకలేసింది.

ఆ తర్వాత మా ఇంజక్షను రోజులు కలిశాయి. నేను గూడెంలో పాసింజరు ఎక్కితే, ఏలూరులో వాళ్ళమ్మతో ఆ అమ్మాయి ఎక్కేది. వాళ్ళ నాన్న ఏలూరులో జాకెట్లు కుట్టే టైలరు. కూతురికి ఇంజక్షను ఉన్న రోజున షాపు తలుపుకి కాగితం అంటించేవాడట: 'మా అమ్మాయికి కాన్సర్ ఇంజక్షను. షాపు రేపు తీయబడును.' నేను నమ్మలేదు. ఆ మాట అలా రాసి, జిగురు పూసి, బజార్లో అంటించవచ్చని నా ఊహకి అందలేదు.

"జనం ఏమనరా?" అన్నాను.

"మొదట్లో నలుగురు అన్నారు. రెండు వారాలు అన్నారు. తర్వాత నా జాకెట్టు ఎప్పుడిస్తారని అడిగారు."

నా లడ్డూల సంగతి చెబితే ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "తలకి ఇది కట్టుకుంటే మా మసీదు వీధిలో కొత్తగా చూసేవాళ్ళు లేరు. దాచాలంటే నాకే తేలిక. అయినా నేను దాచలేదు చూశావా?" అంది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పినవాళ్ళ మీద మనకి మండినంతగా అబద్ధం చెప్పినవాళ్ళ మీద మండదు.

కానీ ఆ అమ్మాయి మీద నాకు నిజంగా అసూయ పుట్టింది వేరే దానికి. వాళ్ళమ్మ తిట్టేది. రైల్లో అందరి ముందూ, వాళ్ళ ఉర్దూ, తెలుగూ కలిపి తిట్టేది. సగం తిన్న బిస్కెట్టు కిటికీలోంచి పారేసిందని, కాళ్ళు ఎదురు సీటు మీద పెట్టిందని, చున్నీ సరిగ్గా కట్టుకోలేదని. అప్పటికి మా ఇంట్లో నన్ను తిట్టడం మానేసి మూడు నెలలైంది. అంతకుముందు మా అమ్మ నోరు మా వీధిలో పేరుపడ్డ నోరు. ఇప్పుడేం చేసినా "పోనీలే తల్లీ." ఒకరోజు పట్టుదలకొద్దీ గాజుగ్లాసు నేలకేసి కొట్టాను. అమ్మ పరుగున వచ్చి, "కాల్లో గుచ్చుకుంటుంది, కదలకు నాన్నా," అని తనే గాజుపెంకులు ఏరుకుంది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. నొప్పికి ఏడ్చాననుకుంది. తిట్టడానికి కూడా పనికిరాని మనిషినయ్యానని ఏడ్చానని ఎలా చెప్పను? పోబోయేవాళ్ళని ఎవరూ తిట్టరు. ఆ సంగతి మా అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆరు నెలలు గడిచాయి. గడ్డ కరిగిపోయింది. మందు ఆపేశారు, ఆరు నెలలకోసారి స్కానింగుకి రమ్మన్నారు. జుట్టు కోడిపిల్ల బొచ్చులా మెత్తగా మొలిచింది. ఏడెనిమిది నెలలు గుండుతోనే కనిపించినందుకు నాయనమ్మ ముందే సర్దేసింది, "మూడుసార్లు గుండు మొక్కుకుందండి పిల్ల," అని. స్కానింగుకి వెళ్ళిన ప్రతిసారీ తిరుపతి వెళ్ళినట్టే, లడ్డూలు పంచినట్టే. ఊళ్ళో నాకు పేరొచ్చింది. మొక్కుల పిల్ల అనేవారు. పరీక్షల ముందు తమ పిల్లల్ని తీసుకొచ్చి నా చేత నెత్తిన చెయ్యి పెట్టించుకునేవారు. నేనేమో ఒక సంవత్సరం చదువు పోయి, నాకంటే చిన్నవాళ్ళతో కలిసి కూర్చుని, లెక్కల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకుంటున్నాను. నా చేతి మహిమ ఆ మాత్రం.

మొక్కుల పిల్ల పొద్దున్న లేవగానే చేసే పని ఇంకోటుంది. కళ్ళు తెరవకముందే వేళ్ళు మెడ మీదికి వెళ్ళేవి. ఎడమపక్క, కుడిపక్క, చంకలు. ఏమీ లేదు. పళ్ళు తోముకుంటూ మళ్ళీ. బస్సులో కిటికీ వైపు తిరిగి మళ్ళీ. జలుబు చేస్తే ఇక చెప్పక్కర్లేదు. జబ్బు తగ్గిపోయిందని అందరూ చెప్పేవాళ్ళే, నా వేళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండో ఏడు స్కానింగుకి వెళ్ళినప్పుడు, అట్టా కాగితాలూ పట్టుకున్న ఒకాయన నన్నూ ఏలూరు అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఏదో పరిశోధనట, మాలాంటి పిల్లల 'జీవన నాణ్యత' కొలుస్తున్నారట. ప్రశ్నలు తెలుగులోనే ఉన్నాయి గానీ ఆ తెలుగు ఎవరింట్లోనూ మాట్లాడరు. 'గడచిన మాసమందు మీ సామాజిక సంబంధముల పట్ల మీరు ఎంతవరకు సంతృప్తి చెందియున్నారు?' ఎదురుగా ఐదు గడులు, అస్సలు లేదు నుంచి ఎల్లప్పుడూ దాకా.

'కుటుంబ సభ్యుల మద్దతు లభించుచున్నదా?' అన్న చోట ఏలూరు అమ్మాయి పెన్ను ఆపి, "మా అమ్మ రోజూ తిడుతుందండీ. ఏ గడిలో టిక్కు పెట్టమంటారు?" అని అడిగింది.

ఆయన పాపం అన్నట్టు చూసి, "అయితే అస్సలు లేదు దగ్గర పెట్టమ్మా," అన్నాడు.

నేను ఎల్లప్పుడూ దగ్గర పెట్టాను. ఆ లెక్కన మా ఇద్దరిలో నా జీవన నాణ్యతే గొప్పది. 'మీ వ్యాధిని గూర్చి ఇతరులతో స్వేచ్ఛగా మాట్లాడగలరా?' అన్నదానికీ ఎల్లప్పుడూ అనే పెట్టాను. ఏలూరు అమ్మాయి నా కాగితంలోకి తొంగిచూసి, "లడ్డూ," అంది. ఆ ఒక్క మాటే.

మూడో ఏడు వచ్చింది. కొల్లేరులో చేపల చెరువుల గట్లు మిషన్లతో కొట్టేసిన ఏడాది. మా మేనమామ చెరువూ పోయి, ఆయన మా అరుగు మీద కూర్చుని గవర్నమెంటుని తిడుతున్నాడు. వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. ఎదురింటి అత్తయ్య ఆయన కోసం మజ్జిగ తెచ్చి, మాటల్లో అమ్మతో అంది.

"మా పిల్లక్కూడా మెడ మీద గడ్డ లేచింది వదినగారూ. అచ్చం మీ అమ్మాయిలాగే. నేనేం కంగారు పళ్ళేదండి. మీ అమ్మాయికి స్వామి తగ్గించలేదా? తలనీలాలు మొక్కేశాను. కోతలూ మాసూళ్ళూ అయ్యాక ఎల్లొచ్చేత్తాం."

వెనకే వచ్చిన కూతురు, అప్పటికి పదకొండేళ్ళు, మెడకి పసుపు దారం. నేను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని చెయ్యి వేశాను. రెండేళ్ళుగా రోజుకి పదిసార్లు నా మెడ మీద వెతుక్కుంటున్నది నా వేళ్ళకి అక్కడ దొరికింది. గట్టి రబ్బరులా ఉంది. నొక్కితే పిల్ల ఉలకలేదు. "ఎన్నాళ్ళైందే?" అంటే, "దసరా సెలవలప్పుడక్కా," అంది. దసరా వెళ్ళి రెండు నెలలు.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ దేవుడి గూటి వంక చూసింది. ఎదురింటి అత్తయ్య గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

"చెప్పమ్మా ఆవిడకి," అన్నాను.

"అన్ని గడ్డలూ అదే అవుతాయా తల్లీ? వాళ్ళ పిల్ల సంగతి వాళ్ళు చూసుకోరా?" అంది అమ్మ. "ఇప్పుడు చెబితే మన ముఖాన ఉమ్మరా?"

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకూ అదే భయం. మూడేళ్ళు ఊరంతా నెత్తిన పెట్టుకున్నాక కిందికి దిగాలంటే ఎవరికి మాత్రం ఇష్టం? నాలుగు రోజులు ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఐదో రోజు స్కానింగు ఉంది. ఏలూరులో దిగి, నాన్నని స్టేషన్లో కూర్చోబెట్టి, ఆ అమ్మాయిని షాపు దగ్గర కలిశాను. అప్పటికి తనే మిషను కుడుతోంది. సంగతంతా విని కూడా కాలు ఆపకుండా కుట్టింది. ఆ కుట్టు పూర్తయ్యాక దారం పంటితో తెంపి అంది.

"మీ ఊళ్ళో దేవుడికి కాన్సర్ డాక్టరుద్యోగం ఇచ్చింది మీరే. పీకెయ్యాల్సిందీ మీరే. నువ్వు నోరు మూసుకుని ఉంటే, ఆ పిల్ల మెడ మీదున్నది గడ్డ కాదు, నువ్వే."

"మాటలు నేర్చావులే," అన్నాను కోపంగా.

"నేర్చుకోలేదు. నిజం చెప్పడం అలవాటైపోయింది, అంతే. పో, రైలొచ్చేస్తుంది."

స్కానింగు బాగానే ఉందన్నారు. ఎప్పుడూ ఆ మాట విన్నాక ఆసుపత్రి మెట్లు ఎగురుతూ దిగేదాన్ని. ఆరోజు ఒక్కొక్క మెట్టే దిగాను. గూడెంలో నాన్న అలవాటుగా స్వీటుషాపు వైపు తిరిగితే, "వద్దు నాన్నా," అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే నా ఫైలు చంకన పెట్టుకుని రోడ్డు దాటాను. ఎదురింటి అత్తయ్య అరుగు మీద బియ్యం చెరుగుతోంది. ఆవిడ భర్త, పొలానికి వెళ్ళబోతూ, చెప్పులేసుకుంటున్నాడు. పిల్ల బడికి జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని నిలబడింది.

"అత్తయ్యగారూ, నేను తిరుపతి వెళ్ళలేదండి. ఒక్కసారి కూడా వెళ్ళలేదు."

"అదేంటమ్మా? మరి గుండు?"

"మందుకి ఊడిపోయిందండి. నాకొచ్చింది కాన్సరండి. విజయవాడలో ఆరు నెలలు ఇంజక్షన్లు చేస్తే తగ్గింది."

ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదలు. ఏమీ కూలిపోలేదు. ఒక కోడి మాత్రం చేట మీదికి వచ్చింది. ఆవిడ దాన్ని అదిలించి, నా వంక చూసి, మొట్టమొదట అడిగిన మాట ఇది:

"మరి ప్రసాదం?"

కూతురి మెడ కాదు. లడ్డూ. మూడేళ్ళు కళ్ళకద్దుకున్న లడ్డూ.

"గూడెం స్వీటుషాపు లడ్డూ అండి. పైన పచ్చకర్పూరం మా నాయనమ్మ రాసింది, చేతికి నెయ్యి రాసుకుని."

"ఓలమ్మో!" అని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "స్వామి పేరు చెప్పి మాచేత అంగట్లో లడ్డూలు తినిపించార్రా!" ఇక మొదలుపెట్టింది. మా నాయనమ్మకి పుట్టగతులుండవంది, మా అమ్మ నంగనాచంది, నన్ను చూసే తను కూతురికి గుండు మొక్కానంది. అన్నీ నిజాలే కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, చున్నీ తీసి మెడ మీద కోసిన మచ్చ చూపించాను.

"నాది మూడు నెలలు మాత్రలతో ఆలస్యం చేశారండి. మీరు మాసూళ్ళ దాకా ఆగకండి. టీబీ అయితే మాత్రలిస్తారు. ఇదే అయితే మందుంది. ముక్క తీసి చూస్తేగాని తెలీదు. మొక్కు తర్వాత తీర్చుకోండి, జుట్టు ఎక్కడికీ పోదు."

పొద్దున్నే ఆ మాటలేంటని ఆవిడ మళ్ళీ లేవబోయింది. ఆవిడ భర్త అప్పటిదాకా ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"ఏ బండికెళ్ళాలమ్మా?" అన్నాడు.

చెప్పాను. ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో, ఏ అంతస్తో, డాక్టరుగారు ఎన్నింటికి వస్తారో కాగితం మీద రాసి ఇచ్చాను. నా ఫైలు కూడా ఇచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. ఎదురింట్లో అన్న ప్రతి మాటా వినపడింది కదా.

"నీ నోటికి తాళం లేదుటే సిగ్గుమాలినదానా! ఊళ్ళో తల ఎలా ఎత్తుకోమంటావే! ఎంత చెప్పినా వినవుటే, మొండిముండా! నీ ఒంట్లో ఉన్నదంతా పొగరే, చదువబ్బలేదు గానీ ఇదబ్బింది!" చేతిలో అట్లకాడ. మూడేళ్ళది ఒక్కసారి తిట్టింది. పక్కవీధిదాకా వినపడింది. నాయనమ్మ లోపల్నించి అందిస్తోంది, అమ్మ మర్చిపోయినవి.

నేను అరుగు మీద చతికిలబడి నవ్వాను. అమ్మకి ఇంకా కోపం వచ్చి, అట్లకాడతో వీపు మీద ఒక్కటేసింది. వేశాక తనే బెదిరిపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంకోటెయ్యమ్మా," అన్నాను. నిజంగానే అన్నాను. అమ్మ నా ముఖం చూసి అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ పిల్లకి కూడా అదే అని తేలింది. కాకపోతే నాకంటే తొందరగా పట్టుకున్నారని, గడ్డ ఒక్కచోటే ఉందని, తక్కువ ఇంజక్షన్లతోనే సరిపోవచ్చని చెప్పారట. ఈ కబురు మాకు పిల్ల తండ్రి చెప్పాడు. ఆవిడ మాతో మాటలు మానేసింది. మా ఇంటి ముందునుంచి వెళ్ళాల్సొస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఊళ్ళో ఎవరూ ఇప్పుడు పిల్లల్ని తెచ్చి నా చేత నెత్తిన చెయ్యి పెట్టించుకోవడం లేదు. అంతకుముందు నన్ను ముట్టుకుంటే పుణ్యం, ఇప్పుడు ముట్టుకుంటే జబ్బు. రెంటికీ మధ్య నా చెయ్యి మాత్రం మారలేదు. నెలరోజులు అన్నారు. తర్వాత ఊళ్ళో ఎవరి కోడలో అలిగి పుట్టింటికి వెళ్ళిపోయింది, జనం అటు తిరిగారు.

సంక్రాంతి వెళ్ళి, దాళ్వా నాట్లు కూడా అయిపోయాక, ఒక ఉదయం ఎదురింటి అత్తయ్య మా గుమ్మం ఎక్కింది. చేతిలో పళ్ళెం, పళ్ళెం మీద కొత్త తువ్వాలు.

"తిరపతి ఎల్లొచ్చామండి వదినగారూ," అంది.

ఆవిడ ముఖం చూశాను. కళ్ళు కదలడం లేదు. అమ్మ ముఖం చూశాను. అదీ అంతే. తువ్వాలు తీస్తే లడ్డూలు. పచ్చకర్పూరం గుప్పుమంది. కొత్త చెయ్యి కదా, కాస్త ఎక్కువ పడింది. నెయ్యి కూడా రాసింది. నేను నిజం చెప్పింది పిల్ల మెడ కోసం, ఆవిడ దాంట్లోంచి లడ్డూ తయారీ కూడా నేర్చుకుంది.

అమ్మ ఒకటి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"స్వామివారి ప్రసాదం వాసనే వేరు వదినగారూ," అంది.

ఇద్దరూ వియ్యపురాళ్ళలా తలలూపుకున్నారు. వీళ్ళకోసమా నేను తన్నులు తిన్నది అనిపించింది. ఇంకాసేపు అక్కడుంటే ఏం అంటానో అని బయటికొచ్చేశాను.

గేటు దగ్గర పిల్ల నిలబడి ఉంది. తలకి గుడ్డ, చెవుల దాకా లాగి కట్టింది. కాళ్ళ వంక చూసుకుంటోంది. వాళ్ళమ్మ ఏం చెప్పాలో నేర్పే తెచ్చినట్టుంది. నేను అడక్కముందే, "తిరపతి ఎల్లొచ్చామక్కా," అని అప్పజెప్పింది.

నేను వంగి, మెల్లగా అడిగాను.

"నీకూ ఎర్రదేనా?"

పిల్ల గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత తలూపింది.

"బాత్రూంలో భయపడ్డావా?"

"నేను కాదక్కా. మా అమ్మ. కెవ్వుమంది. పెరట్లో కోళ్ళన్నీ గోడెక్కేశాయి."

ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత పిల్లకి. ఇద్దరం గేటు పట్టుకుని నవ్వుతుంటే తలమీది గుడ్డ జారిపోయింది. పిల్ల పట్టించుకోలేదు. లోపల్నించి ఎదురింటి అత్తయ్య కేకేసింది.

"ఏంటే ఆ ఇకిలింపు! తిరపతి నించొచ్చినదానిలాగేనా అది! ఒళ్ళు పొగరెక్కిందా? రా ఇంటికి, నీ పని చెబుతా!"

పిల్ల గుడ్డ సర్దుకుంటూ పరిగెత్తింది. తిడుతోంది, ఇక ఫరవాలేదు అనుకున్నాను.